వేలిముద్ర పక్కన సాక్షి ఏడీ? ఎథిక్స్ కమిటీల శిక్షణకు ఖమ్మం వేసిన ప్రశ్న

కొత్త మందు కావచ్చు, కొత్త టీకా కావచ్చు. మనుషులపై పరీక్షించాలంటే ఢిల్లీలోని డ్రగ్ కంట్రోలర్ జనరల్ అనుమతి ఒక్కటే చాలదు. ఆ పరీక్ష జరిగే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ కూడా కాగితాలు చదివి, ప్రశ్నలు వేసి, సరే అనాలి. ఆ కమిటీ వద్దంటే అక్కడ పరీక్ష మొదలుకాకూడదు. చట్టం ఇంత అధికారం చేతిలో పెట్టిన ఈ కమిటీల్లో కూర్చునేది మామూలు మనుషులే. ఒక ఫార్మకాలజీ ప్రొఫెసర్, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఒక లాయరు, ఒక సామాజిక కార్యకర్త, వైద్యంతో సంబంధం లేని ఒక సాధారణ పౌరుడు. వీళ్లకు ఈ పని ఎవరు నేర్పుతున్నారు? ఏం నేర్పుతున్నారు?

పాతికేళ్లుగా ఈ ప్రశ్నకు వినిపించిన జవాబుల్లో పెద్దది అమెరికా నుంచి వచ్చింది. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో భాగమైన ఫోగార్టీ ఇంటర్నేషనల్ సెంటర్ 2000లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పేద, మధ్య ఆదాయ దేశాల వైద్యులకూ పరిశోధకులకూ పరిశోధనా నైతికతలో శిక్షణ ఇవ్వడం దాని పని. టొరంటో, జాన్స్ హాప్కిన్స్ వంటి విశ్వవిద్యాలయాలు ఆ నిధులతో కోర్సులు నడిపాయి. కమిటీలు ఎలా పనిచేయాలన్న మార్గదర్శకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే 2000లో విడుదల చేసింది. ఆసియా దేశాల కమిటీల కోసం ఫెర్‌క్యాప్ అనే వేదిక ఏర్పడింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని వెస్టర్న్ ఇన్‌స్టిట్యూషనల్ రివ్యూ బోర్డు వంటి సంస్థలు ఇతర దేశాల వైద్య నిపుణులను పిలిపించి, సమీక్ష ఎలా జరుగుతుందో దగ్గరుండి చూపించాయి.

ఇప్పుడు ఆ దారి ఇరుకవుతోంది. 2026 ఆర్థిక సంవత్సరానికి ట్రంప్ ప్రభుత్వం 2025లో పంపిన బడ్జెట్ ప్రతిపాదనలో ఫోగార్టీ సెంటర్‌ను పూర్తిగా ఎత్తేయాలని ఉంది. బడ్జెట్‌పై చివరి మాట అమెరికా కాంగ్రెస్‌దే. అయినా అలాంటి ప్రతిపాదన వచ్చిందంటేనే, ఇంకొకరి నిధులపై ఆధారపడిన శిక్షణ ఎంత బలహీనమైనదో అర్థమవుతుంది. అయితే భారత్‌కు, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాలకు, అసలు చిక్కు డబ్బు ఒక్కటే కాదు. బయటి దేశాల్లో నేర్పే పాఠాల్లో లేనిది, ఇక్కడి ఊళ్లలోనే నేర్చుకోవాల్సింది ఒకటుంది. దాన్ని చూపించిన చోటు ఉమ్మడి ఖమ్మం జిల్లా.

మూడు మండలాలు, 14 వేల మంది బాలికలు

2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా ఇది. అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి దాన్ని చేపట్టాయి. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి, టీకాలు తయారీ కంపెనీలవి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 14 వేల మంది బాలికలకు మెర్క్ కంపెనీ టీకా గార్డాసిల్ వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో డభోయ్, శినోర్, కవాంట్ బ్లాకుల్లో దాదాపు 10 వేల మందికి గ్లాక్సో స్మిత్‌క్లైన్ టీకా సర్వారిక్స్ వేశారు.

భద్రాచలం ప్రాంతంలో టీకా వేయించుకున్నవాళ్లలో చాలామంది గిరిజన బాలికలు. ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. తల్లిదండ్రులు ఎక్కడో గూడేల్లో ఉంటారు. 2010 మార్చిలో మహిళా ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వెళ్లి హాస్టళ్లలో మాట్లాడినప్పుడు విషయం బయటపడింది. చాలామంది పిల్లలకు తమకు వేసిన సూది ఏమిటో తెలియదు. తల్లిదండ్రులకు అసలు చెప్పలేదు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. ఐదుగురు ఖమ్మం జిల్లావాళ్లు, ఇద్దరు గుజరాత్‌వాళ్లు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును నిలిపేసింది.

ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని తేల్చింది. ఈ మాటను పక్కన పెట్టి ఖమ్మం గురించి మాట్లాడటం న్యాయం కాదు. హెచ్‌పీవీ టీకా భద్రత గురించి ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా వచ్చిన సమాచారం కూడా ఆ టీకాకు అనుకూలంగానే ఉంది. కానీ అదే విచారణలోనూ, ఆ తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న సమర్పించిన 72వ నివేదికలోనూ బయటపడింది వేరే సంగతి. ఆ తప్పు సూదిలో లేదు, సంతకంలో ఉంది.

స్థాయీ సంఘం ముందుకు వచ్చిన లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. అంటే ప్రతి పది పత్రాల్లో దాదాపు మూడింటిపై పిల్ల తల్లిగానీ తండ్రిగానీ కాదు, ప్రభుత్వ ఉద్యోగి సంతకం ఉంది. తల్లిదండ్రుల తరఫున హెడ్మాస్టర్లు, వార్డెన్లు సంతకం చేయొచ్చని స్థానికంగా ఆదేశాలు కూడా వెళ్లాయి. సాక్షి సంతకాలు, తేదీలు సరిగా లేని పత్రాలూ ఉన్నాయి. స్థాయీ సంఘం పాత్ సంస్థను మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. కాపలా కాయాల్సిన ఐసీఎంఆర్, డ్రగ్ కంట్రోలర్ కార్యాలయం కూడా తమ పని చేయలేదని తీవ్రంగా విమర్శించింది. పాత్ ఆ నిర్ధారణలతో విభేదించింది. ఇది కొత్త మందుపై చేసే క్లినికల్ ట్రయల్ కాదని, అప్పటికే అనుమతి ఉన్న టీకాను పల్లెల్లో ఎలా అందించాలో చూసే ప్రదర్శన ప్రాజెక్టు అని వాదించింది.

పేరు మారితే పరీక్ష మారుతుందా?

ఆ వాదనలోనే ఎథిక్స్ కమిటీ శిక్షణకు మొదటి పాఠం ఉంది. ఒక పనిని 'ట్రయల్' అంటే ఒక రకం నిబంధనలు, 'ప్రోగ్రాం' అంటే ఇంకో రకం. ప్రభుత్వ టీకా కార్యక్రమంలో ప్రతి బిడ్డ తల్లి చేతా సంతకం పెట్టించరు. పోలియో చుక్కలు అలాగే వేస్తారు. కానీ ఒక చోట టీకా వేసి, ఎంతమంది వేయించుకున్నారు, ఎవరికి ఏమైంది, ఏ పద్ధతి బాగా పనిచేసింది అని సమాచారం సేకరించి, దాన్ని విధాన నిర్ణయాలకు వాడాలనుకుంటే అది పరిశోధన. అందులో పాల్గొనేవాళ్లకు పాల్గొనకుండా ఉండే హక్కు ఉంటుంది. ఆ హక్కు ఉందని వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత చేసేవాళ్లపై ఉంటుంది.

ఖమ్మంలో ఈ రెండూ కలిసిపోయాయి. వచ్చింది ప్రభుత్వ వాహనం, ప్రభుత్వ నర్సు, ప్రభుత్వ బడి. ఊరివాళ్ల దృష్టిలో అది సర్కారు సూది. వద్దనే అవకాశం ఉందని ఎవరూ అనుకోలేదు. తలుపు దగ్గర పెట్టిన బోర్డు ఏది అన్నది కమిటీ చూడకూడదు, లోపల ఏం జరుగుతోందన్నది చూడాలి. ఫైలు మీద 'అబ్జర్వేషనల్' అని రాసినంత మాత్రాన సమీక్ష తేలికైపోదు. ఈ తేడాను గుర్తుపట్టే అలవాటు పుస్తకం చదివితే రాదు. పాత ఫైళ్లు ముందేసుకుని, ఎక్కడ ఆపి ఏ ప్రశ్న అడగాల్సిందో కూర్చుని చర్చిస్తే వస్తుంది.

రెండో పాఠం వేలిముద్రది. వేలిముద్ర ఉన్నంత మాత్రాన ఆ సమ్మతి చెల్లదని కాదు. చదువు రానివాళ్లు పరిశోధనలో పాల్గొనకూడదని నిబంధన ఎక్కడా లేదు. అలా ఉంటే అది ఇంకో రకం అన్యాయం. నిబంధన ఏమిటంటే, సమ్మతి ఇచ్చే మనిషికి చదవడం రానప్పుడు పరిశోధన బృందంతో సంబంధం లేని ఒక నిష్పాక్షిక సాక్షి మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉండాలి. చెప్పింది సరిగా చెప్పారని, విన్నవాళ్లు అర్థం చేసుకుని ఒప్పుకున్నారని ఆ సాక్షి సంతకం చేయాలి. అందుకని కమిటీ అడగాల్సింది ఎన్ని వేలిముద్రలున్నాయని కాదు. ప్రతి వేలిముద్ర పక్కన సాక్షి ఎవరు? ఆ సాక్షి ఎవరి మనిషి? ఈ రెండు ప్రశ్నలు.

మూడో పాఠం వార్డెన్ది. ఇది బయటి దేశాల్లో నేర్పే పాఠాల్లో దాదాపు దొరకదు. 'చట్టబద్ధంగా ఆమోదించదగిన ప్రతినిధి' అన్న మాట నిబంధనల్లో ఉంటుంది. హాస్టల్లో పిల్లను చూసుకునేది వార్డెనే కదా, అతనే ప్రతినిధి అని దూరంగా కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. కానీ ఆశ్రమ పాఠశాలలు తెలిసిన మనిషి ఒక్కరు ఆ గదిలో ఉంటే వెంటనే అడుగుతారు. వార్డెన్ ప్రభుత్వ ఉద్యోగి. పైఅధికారి పంపిన ప్రాజెక్టుకు కాదని చెప్పగలడా? పిల్లలు వార్డెన్ మాట కాదనగలరా? పండక్కి ఇంటికెళ్లినప్పుడు తల్లిదండ్రుల సంతకం తెచ్చుకోమని చెప్పొచ్చు కదా? సంతబజారు రోజున గూడెంలో మీటింగు పెట్టొచ్చు కదా? ఈ ప్రశ్నలకు జెనీవాలోనో సియాటిల్‌లోనో జవాబు ఉండదు. భద్రాచలంలో ఉంటుంది.

శిక్షణ చట్టంలోకి ఎలా వచ్చింది

భారత్‌లో ఎథిక్స్ కమిటీల చరిత్ర తప్పుల వెంట నడిచింది. ఢిల్లీలో 1976 నుంచి 1988 వరకు ఐసీఎంఆర్ ఒక అధ్యయనం నడిపింది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులున్న 1,100 మందికి పైగా మహిళలను చికిత్స చేయకుండా గమనిస్తూ పోయారు. కొందరికి ఆ మార్పులు క్యాన్సర్‌గా మారాయి. ఆ సంగతి 1997లో పత్రికలకెక్కింది. అమెరికాలో నల్లజాతి పురుషులకు సిఫిలిస్ చికిత్స ఇవ్వకుండా 1932 నుంచి 1972 వరకు నడిపిన టస్కీగీ అధ్యయనానికి ఇది మన దేశపు ప్రతిరూపమని విమర్శలొచ్చాయి. 2000లో ఐసీఎంఆర్ సమగ్రమైన నైతిక మార్గదర్శకాలు తెచ్చింది. 2006లో, 2017లో వాటిని సవరించింది.

ఈలోగా తెలుగు నేల మీద ఇంకో మచ్చ పడింది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్లకు చెందిన పేద మహిళలను హైదరాబాద్ తీసుకెళ్లి, డబ్బు ఆశ చూపి, రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షలకు వాడుకున్నారన్న విషయం బయటికొచ్చింది. దర్యాప్తు తర్వాత అక్కడి క్లినికల్ రీసెర్చ్ సంస్థ అనుమతిని కొంతకాలం నిలిపేశారు. ఆరేళ్ల తర్వాత, 2017లో, పాత కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంతపు యువకులు డబ్బుల కోసం మందుల పరీక్షలకు వెళ్లి జబ్బుపడ్డారన్న వార్తలు వచ్చాయి. రెండు చోట్లా కాగితాల మీద సమ్మతి ఉంది. అప్పు తీర్చుకోవాల్సిన మనిషి ఇచ్చే సమ్మతిలో స్వేచ్ఛ ఎంత అన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

సుప్రీంకోర్టులో స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో వేసిన వ్యాజ్యం, ఖమ్మం వ్యవహారంపై అదే ఏడాది దాఖలైన మరో పిటిషన్ ప్రభుత్వాన్ని కదిలించాయి. 2013 ఫిబ్రవరిలో ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. పరీక్షల్లో గాయపడ్డవాళ్లకు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన కూడా ఆ ఏడాదే వచ్చింది. 2019 మార్చి 19న వెలువడిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వీటన్నిటినీ ఒక చోటికి చేర్చాయి.

ఆ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లు కావాలి. అధ్యక్షుడు బయటివాడే అయుండాలి. వైద్యంతో సంబంధం లేని సాధారణ పౌరుడు ఒకరు, మహిళ ఒకరు, న్యాయ నిపుణుడు ఒకరు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది. కేంద్ర లైసెన్సింగ్ అథారిటీ నిర్దేశించిన శిక్షణను ప్రతి సభ్యుడూ పూర్తి చేయాలి. పూర్తి చేయనివాళ్లు సభ్యులుగా కొనసాగే అర్హత కోల్పోతారు. అంటే ఒకప్పుడు విదేశీ ఫెలోషిప్‌తో వచ్చే అదనపు అర్హతగా ఉన్న శిక్షణ, ఇప్పుడు చట్టం విధించిన షరతు.

షరతు వచ్చింది సరే. దాన్ని ఎలా నెరవేరుస్తున్నారన్నది అసలు ప్రశ్న. చాలా చోట్ల శిక్షణ అంటే ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్, లేదంటే కంప్యూటర్ ముందు కూర్చుని పూర్తిచేసే ఆన్‌లైన్ కోర్సు. చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఆ తర్వాత సర్టిఫికెట్. అందులో న్యూరంబర్గ్ సూత్రాలుంటాయి, 1964 హెల్సింకి ప్రకటన ఉంటుంది, బెల్మాంట్ నివేదిక ఉంటుంది. ఇవి తెలియకుండా ఎవరూ ఆ కుర్చీలో కూర్చోకూడదు, నిజమే. కానీ ఇంగ్లిష్‌లో నడిచే ఆ కోర్సు ఎవరికి బాగా పనికొస్తుంది? ఇప్పటికే చదువుకున్న డాక్టర్లకు. కమిటీలో సామాన్యుల గొంతుగా ఉండాల్సిన సాధారణ పౌరుడు మాత్రం 200 పేజీల ఇంగ్లిష్ ప్రొటోకాల్ ముందు నోరు మెదపకుండా కూర్చుంటాడు. చట్టం అతనికి కుర్చీ ఇచ్చింది. మాట్లాడే ధైర్యం శిక్షణ ఇవ్వాలి.

సూరత్ చెప్పే ఇంకో సంగతి

గుజరాత్ ప్రాజెక్టు జరిగిన వడోదర నుంచి దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్లు వెళితే సూరత్ వస్తుంది. ఉధనా, లింబాయత్, పాండేసరా, భేస్తాన్, వడోద్... నగరానికి దక్షిణాన, ఆగ్నేయాన విస్తరించిన ఈ పేటల్లో మరమగ్గాలు, అద్దకం మిల్లులు, వాటిలో పనిచేసే వలస కుటుంబాలు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రవాళ్లతో పాటు దశాబ్దాల కింద తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. జబ్బు చేస్తే వీళ్లలో ఎక్కువమంది వెళ్లేది ప్రభుత్వ, మున్సిపల్ ఆసుపత్రులకే. వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉండే అలాంటి ఆసుపత్రుల్లోనే పరిశోధనలూ జరుగుతాయి.

ఇలాంటి చోట సమ్మతి పత్రం ఏ భాషలో ఉండాలి? పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని నిబంధన చెబుతోంది. అనువాదాలను కూడా ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి. సాధారణంగా ఇలాంటి చోట ముందు తయారయ్యేవి ఇంగ్లిష్, గుజరాతీ, హిందీ పత్రాలు. వడోద్‌లో మగ్గం నడిపే తెలుగు మనిషి ఇరవై ఏళ్లుగా హిందీ మాట్లాడుతుండవచ్చు. గుజరాతీ అర్థం కావచ్చు. కానీ 'ప్లసీబో', 'రాండమైజేషన్', 'ప్రతికూల ప్రభావం' వంటి మాటలు బజారు హిందీలో అర్థం కావు. ప్లసీబో అంటే మందు లేని మాత్ర అని, అది నీకు రావచ్చు రాకపోవచ్చు, ఏది వస్తుందో డాక్టరుకు కూడా తెలియదు అని ఇంటి భాషలో చెబితేనే ఎవరైనా ఆలోచించుకుని అవునో కాదో చెప్పగలరు. ఒడియా కార్మికుడికీ, తెలుగు నేత కార్మికుడికీ ఆ అవకాశం దొరకాలంటే, తమ ఆసుపత్రికి ఎవరొస్తున్నారో కమిటీకి ముందు తెలిసుండాలి.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే చిక్కు తిరగేసిన రూపంలో ఉంది. హైదరాబాద్‌లో తయారయ్యే తెలుగు సమ్మతి పత్రాలు చాలావరకు ఇంగ్లిష్ పత్రానికి మక్కీకి మక్కీ అనువాదాలు. సంస్కృత పదాలు, పేజీ నిడివి వాక్యాలు. చదువుకున్నవాళ్లకే మింగుడుపడవు. ఇక భద్రాచలం మన్యంలో ఇంట్లో కోయ మాట్లాడే తల్లికి ఆ తెలుగు కూడా పరాయి భాషే. 'మీ భాగస్వామ్యం స్వచ్ఛందమైనది' అని రాసిన చోట 'ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, వద్దన్నా మీ వైద్యం ఆగదు' అని రాయడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. రాయించడానికి మాత్రం కమిటీలో పట్టుబట్టే మనిషి కావాలి.

కమిటీ ఉందా, పనిచేస్తోందా?

చట్టం బలపడ్డాక అన్నీ సర్దుకున్నాయని చెప్పలేం. 2025 ఏప్రిల్‌లో అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఆధ్వర్యంలోని వీఎస్ ఆసుపత్రిలో జరిగిన క్లినికల్ ట్రయల్స్‌పై పెద్ద దుమారం రేగింది. నిబంధనల ప్రకారం ఉండాల్సిన ఎథిక్స్ కమిటీ లేకుండానే ట్రయల్స్ నడిపారని, కంపెనీలిచ్చిన డబ్బు ఆసుపత్రికి చేరకుండా పక్కదారి పట్టిందని ఆరోపణలొచ్చాయి. అధికారులు అక్కడి ట్రయల్స్‌ను నిలిపేశారు.

ఆసుపత్రికి సొంత కమిటీ లేనప్పుడు అదే నగరంలో గానీ, 50 కిలోమీటర్ల లోపు గానీ ఉన్న మరో కమిటీ అనుమతి తీసుకోవచ్చని 2019 నిబంధనలు వెసులుబాటు ఇచ్చాయి. చిన్న ఆసుపత్రులకు ఇది అవసరమే. కానీ వెసులుబాటుతో పాటు ప్రమాదమూ ఉంది. ఆ కమిటీకి ఆ ఆసుపత్రి వార్డు తెలియదు, రోగులు తెలియదు. అనుమతి కాగితం ఇచ్చాక ఒక్కసారైనా అక్కడికి వెళ్లి చూడకపోతే, అది సమీక్ష కాదు, ముద్ర.

నిజానికి ఎథిక్స్ కమిటీ పని అనుమతి ఇవ్వడంతో అయిపోదు, అక్కడ మొదలవుతుంది. ట్రయల్‌లో పాల్గొన్న వ్యక్తికి తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలపాలి. మరణం సంభవిస్తే కమిటీ కారణాలు పరిశీలించి, పరిహారంపై అభిప్రాయంతో సహా 30 రోజుల్లో నివేదిక పంపాలి. ఖమ్మంలో ఒక్కొక్క మరణం గురించీ కుటుంబాలు నెలల తరబడి చీకట్లో ఉండిపోవడానికి కారణం ఇలాంటి నిఘా వ్యవస్థ సరిగా లేకపోవడమే. మరణానికి టీకా కారణం కాదని వెంటనే, అదే ఊళ్లో, అదే భాషలో, నమ్మదగిన మనిషి చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేది.

నమ్మకం పోతే ఏం పోతుంది?

ఎథిక్స్ కమిటీలు పరిశోధనకు అడ్డంకి అని ఫార్మా రంగంలో, కొంతవరకు వైద్యుల్లోనూ ఒక అభిప్రాయం ఉంది. ఆలస్యం, అనవసర ప్రశ్నలు, కాగితాల గోల అంటారు. ఖమ్మం తర్వాత జరిగింది ఆ అభిప్రాయానికి సరైన జవాబు.

2009లోనే దేశంలో ఇంకో చోట్ల, ఖమ్మం ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, హెచ్‌పీవీ టీకాపై వేరే పరీక్ష జరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని నడిపింది. మూడు డోసులు అవసరమా, రెండు చాలా అన్నది తేల్చడం దాని లక్ష్యం. 20 వేల మంది అమ్మాయిలను చేర్చుకోవాలనుకున్నారు. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం గొడవతో కేంద్రం దేశమంతటా ఇలాంటి అధ్యయనాలన్నిటినీ ఆపమంది. ఈ పరీక్షా మధ్యలో ఆగిపోయింది. కొందరికి మూడు డోసులు, కొందరికి రెండు, దాదాపు 5 వేల మందికి ఒక్క డోసే పడింది.

పరిశోధకులు ఆ అమ్మాయిలను వదిలేయకుండా ఏళ్ల తరబడి పరిశీలిస్తూ వచ్చారు. ఒక్క డోసు కూడా క్యాన్సర్ కలిగించే ప్రధాన రకాల వైరస్ ఇన్ఫెక్షన్ నిలిచిపోకుండా దాదాపు 95 శాతం రక్షణ ఇస్తోందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒక్క డోసు చాలని చెప్పడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి. పేద దేశాల్లో కోట్ల మంది ఆడపిల్లలకు టీకా అందుబాటులోకి వచ్చే మార్గం అలా తెరుచుకుంది.

ఆగిపోవడం వల్లే ఈ ఫలితం వచ్చింది కదా, మంచిదే అయిందని అనుకోవడం తప్పు. అది అదృష్టం, పథకం కాదు. నష్టం వేరే చోట కనిపిస్తుంది. హెచ్‌పీవీ టీకా అనగానే 'ఖమ్మంలో పిల్లలు చనిపోయిన సూది' అన్న మాట పదిహేనేళ్ల తర్వాత కూడా వినిపిస్తోంది. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకా వేయడాన్ని ప్రోత్సహిస్తామని కేంద్రం 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించింది. పదేళ్లకు పైగా సాగిన ఈ ఆలస్యానికి ధర, సరఫరా వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ 2010లో పోయిన నమ్మకం వాటిలో చిన్నది కాదు. ఈలోగా దేశంలో ఏటా లక్ష మందికి పైగా మహిళలకు ఈ క్యాన్సర్ వస్తూనే ఉంది.

అంటే ఒక కమిటీ పది ప్రశ్నలు అడగకపోవడం వల్ల పోయింది కొన్ని వేల సంతకాల విలువ మాత్రమే కాదు. సరైన సమీక్ష పరిశోధనను ఆపదు. ఆగిపోకుండా కాపాడుతుంది.

ఏం చేయొచ్చు?

విదేశీ శిక్షణ తెచ్చినదాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఇవాళ దేశంలో ఈ రంగాన్ని నడిపిస్తున్న చాలామంది ఆ కార్యక్రమాల నుంచే వచ్చారు. ఎథిక్స్ కమిటీల జాతీయ వేదిక ఫెర్సీ, మంగళూరు యెనెపోయ విశ్వవిద్యాలయంలోని నైతికత కేంద్రం, ముంబై నుంచి మూడు దశాబ్దాలుగా వెలువడుతున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ వంటివి ఇక్కడే ఒక పునాది వేశాయి. పరాయి నిధులు ఆగితే కూలిపోయే స్థితిలో దేశం లేదు. కావాల్సింది ఆ పునాదిని జిల్లాలకు, ప్రాంతీయ భాషలకు దించడం.

ఖమ్మం, పిడుగురాళ్ల, ఢిల్లీ ఉదంతాలను పాఠాలుగా చేసి, అసలు పత్రాల నమూనాలతో తెలుగులో శిక్షణ ఇవ్వొచ్చు. సాధారణ పౌరుడిగా కమిటీలో కూర్చునేవాళ్లకు డాక్టర్లతో కలిపి కాకుండా విడిగా, వాళ్ల భాషలో, ప్రశ్న ఎలా అడగాలో నేర్పొచ్చు. గిరిజన ప్రాంతాల్లో పరిశోధన అయితే ఆ సమాజం మనిషి లేకుండా సమీక్ష జరగకూడదన్న నియమం పెట్టుకోవచ్చు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఇప్పటికే సమాజ ప్రతినిధుల పాత్ర గురించి చెబుతున్నాయి. శిక్షణకు కొలమానం సర్టిఫికెట్ల సంఖ్య కాకూడదు. గత ఏడాది ఎన్ని ప్రొటోకాల్స్‌ను మార్పుల కోసం తిప్పి పంపారు, ఎన్నిసార్లు వార్డుకు వెళ్లి చూశారు, ఎన్ని సమ్మతి పత్రాలను తిరగరాయించారు అన్నది లెక్క కావాలి. రోగుల పేర్లు, కంపెనీల వ్యాపార రహస్యాలు బయటపెట్టకుండానే ఈ అంకెలను ప్రజల ముందు పెట్టొచ్చు. 2009 జూన్ నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్ వివరాలూ జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావడం తప్పనిసరి అయింది. కమిటీల పనితీరుకు అలాంటి బహిరంగ లెక్క ఎందుకు ఉండకూడదు?

2024 అక్టోబరులో సవరించిన హెల్సింకి ప్రకటనలో ఒక చిన్న మార్పు ఉంది. పరీక్షకు లోనయ్యేవాళ్లు అనే అర్థమిచ్చే పాత మాట తీసేసి 'పాల్గొనేవాళ్లు' అని రాశారు. కాగితం మీద మాట మారింది. భద్రాచలం హాస్టల్లోని పిల్ల, వడోద్‌లోని మగ్గం కార్మికుడు, పిడుగురాళ్లలో అప్పుల్లో ఉన్న తల్లి నిజంగా 'పాల్గొనేవాళ్లు' కావాలంటే, వాళ్ల తరఫున ఆ గదిలో కూర్చున్నవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఈ మనిషికి వద్దనే అవకాశం నిజంగా ఉందా?